పిల్లకి ఈకల గాలం ఎప్పుడు పట్టించాలి?

ఈకల గాలం, అంటే ఫ్లై ఫిషింగ్ గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పిల్లల గురించి అడిగినవే తీసుకున్నాను. గాలం గురించి పెద్దవాళ్లకి రాసేటప్పుడు రాడ్డు, రీలు, చేప అని రాసుకుంటూ పోవచ్చు, పిల్లల దగ్గరికి వచ్చేసరికి అవన్నీ వెనక్కి వెళ్లిపోతాయి. అందుకే మొదటి ఉత్తరానికి జవాబు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నమస్కారం సార్. మాది గుణుపురం, బజార్లో చిన్న బట్టల షాపు ఉంది. మా పాపకి ఏడో ఏడు నడుస్తోంది. ఎవరో చలిదేశంలో ఏటి మధ్యన నిలబడి పొడవాటి దారాన్ని గాల్లో అటూ ఇటూ ఊపి చేపని పట్టడం ఫోన్లో చూసింది, అప్పట్నుంచి నాకూ అది కావాలని ఒకటే గొడవ. మా బావమరిది విదేశం నుంచి వస్తూ ఒక ఫ్లై రాడ్ తెచ్చాడు. తొమ్మిదడుగులుంది, మీద 8 అని రాసుంది. ఆదివారం వంశధార ఒడ్డుకి తీసుకెళ్లాను. అరగంట కాకుండానే లైనంతా చిక్కు పడిపోయింది, నేను విసుక్కున్నాను, పాప ఏడ్చింది. ఇప్పుడా రాడ్డు అటక మీద ఉంది. అసలు ఏ వయసులో మొదలుపెట్టాలి? మన నీళ్లలో ఈ ఫ్లై ఫిషింగ్ పనికొస్తుందా?

జవాబు: పాపకి ఆ ఆట మీద కోపం వచ్చి ఉండదండి, మీ ముఖం చూసి బెదిరి ఉంటుంది. అంచేత మళ్లీ మొదలుపెట్టచ్చు, టెన్షన్ పడకండి. రాడ్డుని మాత్రం అటక మీదే ఉంచండి. 8 నంబరు రాడ్డు పెద్ద చేపలకీ సముద్రపు చేపలకీ పెట్టుకునేది, గంటసేపు విసిరితే మీ భుజమే లాగేస్తుంది, ఇక ఆరేళ్ల పిల్ల ఎంత? ఆ నంబరు లైను బరువుని చెబుతుంది. 5 నంబరు లైన్లో మొదటి 30 అడుగులు తూచితే సుమారు 9 గ్రాములుంటుంది, 8 నంబరుదైతే పదమూడున్నర గ్రాముల పైనే. లైను బరువెక్కేకొద్దీ దాన్ని విసరడానికి రాడ్డు కూడా గట్టిగా ఉండాలి. పిల్లలకి ఏడున్నర, ఎనిమిది అడుగుల పొడవులో 4 నంబరో 5 నంబరో సరిపోతుంది. అదీ ఇప్పుడే కొనకండి.

ఈ ఆటలో అసలు కిటుకు ఏమిటో ముందు మీరు అర్థం చేసుకోవాలి. మామూలు గాలానికి చివర బరువుంటుంది, ఆ బరువు దారాన్ని లాక్కుపోతుంది, వడిసెలలో రాయి పెట్టి పిట్టల్ని తోలినట్టు. ఫ్లై అంటే కొక్కేనికి చుట్టిన నాలుగు ఈకలూ కాస్త ఉన్నీ, దానికి బరువే ఉండదు. ఇక్కడ బరువంతా లైనుదే. రాడ్డు వంగి లైనుని విసురుతుంది, లైను గాల్లో విప్పుకుంటూ పోయి ఆ ఈకముక్కని నీళ్ల మీద మెల్లగా దింపుతుంది. చర్నాకోల విసరడానికి దగ్గరగా ఉంటుంది కానీ చర్నాకోల చప్పుడు వచ్చిందంటే తప్పు చేస్తున్నట్టే. వెనక్కి వెళ్లిన లైను పూర్తిగా చాచుకోకముందే ముందుకి లాగేస్తే ఆ చప్పుడు వస్తుంది, ఒక్కోసారి ఫ్లై కూడా తెగి ఎగిరిపోతుంది. మీ పాపకి జరిగిన చిక్కు కూడా ఈ తొందర వల్లే అయ్యుంటుంది.

దీన్ని పిల్లకి మాటల్లో చెప్పలేం. మా చిన్నప్పుడు కర్ర చివర బురదముద్ద గుచ్చి దూరంగా విసిరే ఆట ఆడేవాళ్లం, మీరూ ఆడే ఉంటారు. కర్రని మెల్లగా తెచ్చి, వేగం పెంచి, టక్కున ఆపితేనే ముద్ద ఊడి దూరం పోతుంది, ఆపకుండా కిందిదాకా కొట్టేస్తే మన కాళ్ల దగ్గరే పడుతుంది. ఫ్లై విసరడం కూడా అదే ఆట. పెరట్లో పాపతో రెండు రోజులు బురదముద్దలు విసిరించండి, ఎవరిది దూరం పోయిందో పందెం పెట్టుకోండి. ఆ ఆగడం చేతికి వచ్చేస్తుంది. తర్వాత గడియారం బొమ్మ చూపించి, ముందు పది దగ్గర ఆపు, వెనక ఒంటిగంట దగ్గర ఆపు అంటే ఇట్టే పట్టుకుంటుంది.

ఇప్పుడు రాడ్డు సంగతి. జపాన్‌లో టెంకారా అనే పాత పద్ధతి ఒకటుంది, కొండవాగుల్లో చేపలు పట్టేవాళ్లది. రీలు ఉండదు, రాడ్డు కొసకే లైను ముడేస్తారు, లైను చివర ఈకల ఫ్లై. అంతే. చూడగానే మన వెదురు గాలం గుర్తొస్తుంది. పిల్లలకి ఇంతకన్నా మంచి మొదలు నాకు తెలీదు, ఎందుకంటే చుట్టాల్సిన రీలు లేదు, రెండో చేత్తో పట్టుకోవాల్సిన లైను లేదు, చిక్కు పడినా ఆరేడు అడుగులే, ఓ నిమిషంలో విప్పెయ్యచ్చు.

మీ వారపు సంతలో వెదురు దొరుకుతుంది. ఎండినది, సన్నది, కొస మెత్తగా వంగేది చూసి ఆరేడు అడుగులకి కోయించండి. లైనుకి నైలాన్ దారం మూడు పోగులు కలిపి పేనండి, సగం దాకా వచ్చాక ఒక పోగు వదిలేసి రెండు పోగులే పేనండి, చివర రెండడుగులు ఒంటిపోగు ఉంచండి. మొదట లావు, కొసకి సన్నం, పాప జడలాగే. ఈ సన్నబడటం ఉంటేనే విసురు కొసదాకా పాకుతుంది. మొత్తం పొడవు కర్ర అంతే ఉంచండి, అడుగు ఎక్కువైనా చిన్న చేతికి అందదు. పేనేటప్పుడు ఒక కొస పాపకి ఇచ్చి పట్టుకోమనండి, తన గాలం తనే చేసుకున్నానని ఊరంతా చెప్పుకుంటుంది.

కొక్కెం మాత్రం అప్పుడే వద్దు. మొదటి వారం చివర ఎర్ర ఉన్నిపోగు కట్టి, వాకిట్లో చేట పెట్టి అందులో పడేలా విసరమనండి. రెండో వారం ఫ్లై కట్టండి, అదీ కొక్కేనికి కాకుండా కొబ్బరి ఈనె ముక్కకి. కోడిపుంజు మెడ ఈక ఒకటి, ఉన్ని, కుట్టుదారం చాలు. ఈక మొదలుని దారంతో ఈనెకి బిగించి, ఈకని రెండు మూడు చుట్లు తిప్పితే దాని పోచలన్నీ పురుగు కాళ్లలా చుట్టూ విచ్చుకుంటాయి. మాసిడోనియా వాళ్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింది ఈకలు రెండు కట్టి ఏట్లో చేపలు పట్టేవాళ్లని సుమారు 1800 ఏళ్ల కిందటే ఈలియన్ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. అప్పటి సరుకే ఇప్పుడు మీ పెరట్లో తిరుగుతోంది. ఇది పాపకి కథలా చెప్పండి.

మన నీళ్లలో పనికొస్తుందా అన్నారు. ఫోన్లో పాప చూసింది బహుశా ట్రౌట్ చేప. నీళ్లు 20 డిగ్రీలు దాటి వేడెక్కితే ఇబ్బంది పడే చేప అది. మన దేశంలో కశ్మీర్, హిమాచల్, నీలగిరి, మున్నార్ వైపు చల్లటి నీళ్లలో తెల్లవాళ్ల కాలంలో తెచ్చి వదిలితే నిలబడింది, వంశధారలో బతకదు. దానికోసం దిగులు పడక్కర్లేదు. పైకొచ్చి పురుగుని తినే చేప ఏదైనా ఫ్లైని పట్టుకుంటుంది. మనకి పరిగెలున్నాయి, చెరువుల్లో జిలేబీ చేపలున్నాయి. అమెరికాలో కూడా పిల్లలకి ట్రౌట్‌తో మొదలుపెట్టించరు, బ్లూగిల్ అని చెరువుల్లో ఉండే అరచేతంత చేపతో మొదలుపెట్టిస్తారు. అది అడిగిందే తడవుగా వస్తుంది, పిల్లలకి కావాల్సిందీ అదే. కార్తీకం దాటాక వంశధార ఇసుకలో పాయలుగా చీలి తేటగా పారుతుంది కదా, అక్కడ మోకాలి లోతు పాయలో పరిగెలు గుంపులుగా తిరుగుతుంటాయి. ఈనె ఫ్లైని వాటి పైన దింపితే వచ్చి పొడుస్తాయి, నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. కొక్కెం లేకపోయినా పిల్ల కేక పెడుతుంది. ఆ కేక విన్నాక మీరు కూడా చేప పట్టలేదనే మాట మర్చిపోతారు.

విసరడం విసుగొస్తే రాళ్లు తిరగేయించండి. నీళ్లలో ఉన్న రాయి అడుగున చిన్న చిన్న పురుగులు అతుక్కుని ఉంటాయి, కొన్ని ఇసుకరేణువులతో గూడు కట్టుకుని అందులోనే ఉంటాయి. చేప ఇవి తింటుంది, ఇవే పెరిగి రెక్కలొచ్చి పైకి లేస్తాయి, అప్పుడూ తింటుంది. మనం కట్టే ఫ్లై ఈ పురుగుకి నకలు. ఇది కళ్లతో చూసిన పిల్ల ఇంటికొచ్చి తనంతట తానే ఇంకో రంగు ఈక అడుగుతుంది.

వయసంటే, నా లెక్క ఇది. "ఆగు" అంటే ఆగే పిల్ల, అన్నం తనే కలుపుకుని తినే పిల్ల అయితే వెదురు కర్ర పట్టుకోవచ్చు. అసలు ఫ్లై రాడ్డు, రీలు ఎనిమిది తొమ్మిదేళ్లకి చాలు. ఒక్కసారికి ఇరవై నిమిషాలు, బాగా ఆడుతుంటే అరగంట. తను ఇంకా ఉందాం అంటున్నప్పుడే సర్దేయండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మా పెద్దబాబుకి ఐదేళ్లప్పుడు మహేంద్రతనయ ఒడ్డున మూడు గంటలు ఎండలో కూర్చోబెట్టాను, చేప పడేదాకా కదలనని మొండిపట్టు పట్టింది నేనే. తర్వాత రెండేళ్లు వాడు ఏటివైపు రాలేదు. ఆ రెండేళ్లూ తల్చుకుంటే నాకిప్పటికీ బాధే.

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్తే. మేం రాయగడలో ఉంటాం. మా ఆయన మా ఐదేళ్ల బాబుని నాగావళికి గాలానికి తీసుకెళ్తున్నారు. ఇప్పుడు ఫ్లై రాడ్డు కూడా కొన్నారు. ఆ కొక్కెం వెనక నుంచి ముందుకి తిరుగుతుంటే నాకు గుండెలు గుభేలుమంటున్నాయి. కంట్లో గుచ్చుకుంటే? నేను అతిగా భయపడుతున్నానా?

జవాబు: లేదమ్మా, సరిగ్గానే భయపడుతున్నావు. మామూలు గాలంలో కొక్కెం ముందుకే పోతుంది, ఇందులో ప్రతి విసురుకీ తల పక్కనుంచి రెండుసార్లు పోతుంది. అందుకని టోపీ, కళ్లద్దాలు లేకుండా పిల్లవాడు కర్ర ముట్టుకోకూడదు, పక్కనున్న పెద్దవాళ్లకీ ఇదే రూలు. నల్లద్దాలే అక్కర్లేదు, సైజుకి సరిపోయే తెల్లద్దాలైనా చాలు. కొక్కేనికి కొస దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది చూడు, గుచ్చుకుంటే ఊడిరాకుండా చేసేది అదే. కటింగ్ ప్లేయర్‌తో ఆ ముల్లుని అదిమేయమని మీవారికి చెప్పు. అప్పుడు చేప నోట్లోంచైనా మన వేల్లోంచైనా వెళ్లిన దారినే తేలిగ్గా వచ్చేస్తుంది. అయినా గుచ్చుకుంటే కడిగి, టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్ని అడగండి. కంటి దగ్గర గుచ్చుకుంటే మాత్రం ఎవరూ లాగకూడదు, దారం కోసేసి, కంటిని నొక్కకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

బాబు కుడిచేత్తో విసిరితే మీవారు ఎడమ పక్కన నిలబడాలి. గాలి కుడివైపు నుంచి వీస్తే కొక్కెం మీదికి వస్తుంది, ఆరోజు ఇంకో ఒడ్డుకి మారాలి, లేదంటే ఇంటికి రావాలి.

నాకు కొక్కెం కన్నా నీళ్ల భయం ఎక్కువ. హాతీపథర్ దగ్గర ఏనుగుల్లా కనిపించే ఆ బండలు అందంగా ఉంటాయి, తడిస్తే జారుడుబల్లే, ఐదేళ్లవాణ్ణి అక్కడికి గాలానికి తీసుకెళ్లద్దు. కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నాగావళి ఉన్నట్టుండి పొంగుతుంది. ఇసుక తవ్వేసిన చోట్ల పైకి మోకాలి లోతులా కనిపించి లోపల నిలువు లోతు గొయ్యి ఉంటుంది, కర్రతో పొడిచి చూడకుండా బాబుని దింపద్దు. లైఫ్ జాకెట్ వేయించు, అది ఈత వచ్చిన పిల్లలకి కూడా. ఇంకొకటి చాలామందికి తట్టదు, ఫ్లై రాడ్డు కార్బన్‌తో చేస్తారు, కరెంటు పారుతుంది. తీగల కింద విసరకూడదు, ఉరుము వినబడితే రాడ్డు కింద పడేసి ఒడ్డు వదిలి ఏదైనా ఇంటి లోపలికి వచ్చేయాలి. మన ఒడిశాలో పిడుగుల సంగతి నీకు తెలియంది కాదు.

ఇవన్నీ పాటించే మనిషైతే మీవారితో నిశ్చింతగా పంపు. ఒకసారి నువ్వూ వెళ్లి చూడు.

ప్రశ్న: మాది సిరొంచ. మా తాత ప్రాణహితల ఎర్ర గుచ్చి గాలం ఏస్తడు, రోజూ చేపలు దెస్తడు. నాకు పదకొండేండ్లు. వీడియోలల్ల ఫ్లై ఫిషింగ్ చూసిన. ఎర్రలు ఉండంగ ఈకలెందుకని తాత అంటున్నడు. ఎవరిది కరెక్టు?

జవాబు: కూర వండాల్సిన రోజున మీ తాతదే కరెక్టు బాబూ, ఎర్రకి వాసన ఉంటుంది, చేప వెతుక్కుంటూ వస్తుంది. ఈకల ఫ్లైకి వాసన లేదు, రుచి లేదు, కాబట్టి చేప కంటిని నువ్వు నమ్మించాలి. ఈ పూట ఏ పురుగు ఎగురుతోంది, ఎంత సైజుంది, నీళ్ల మీద కొట్టుకుంటోందా, మునిగిపోతోందా, ఇదంతా చూసి దానిలాగే కట్టి, దానిలాగే వాలించాలి. దొరికిన చేప ఒకటే అయినా నీ తెలివికి దొరికినట్టు. ప్రాణహిత, గోదావరి కలిసే చోట కెరటం జోరు ఎక్కువ, నువ్వు ఒంటరిగా అటు పోవద్దు. తాత పక్కనే కూర్చుని నేర్చుకో. ఏ పూట చేప ఎక్కడ తిరుగుతుందో ఏ వీడియో కన్నా ఆయనకే ఎక్కువ తెలుసు, ఫ్లై వేసేవాడికి కూడా కావాల్సింది ఆ తెలివే.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా మనవడికి తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న చిన్న ఫ్లై రాడ్డు కొనిచ్చాడు, నెల రోజులు మేడమీద బాగా ప్రాక్టీసు చేశాడు. మొన్న చెరువులో మొదటి పరిగె పడింది. దాని నోరు చూసి ఏడ్చి వదిలేశాడు. ఇంట్లో అందరూ నవ్వారు. ఇప్పుడు మళ్లీ రానంటున్నాడు. నాలుగు రోజులు బలవంతంగా తీసుకెళ్తే అలవాటవుతుందని వాళ్ల నాన్న అంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: బలవంతం వద్దమ్మా. నవ్విన వాళ్లని ముందు ఆపండి, మీరు పెద్దవారు, మీ మాట వింటారు. చేప నోరు చూసి ఆగిపోయిన పిల్లవాడు ఆ నీళ్లని అందరికన్నా దగ్గరగా చూస్తున్నాడని నాకు అనిపిస్తోంది, అలాంటి పిల్లవాణ్ణి పోగొట్టుకోకూడదు. పట్టిన చేపని తినడంలో తప్పేమీ లేదు, మన ఇళ్లలో చేపల పులుసు లేని ఆదివారం ఎక్కడిది? అలాగని వదిలేయడం కూడా పిరికితనం కాదు. ఫ్లై వేసేవాళ్లలో ఎంతోమంది పట్టి వదిలేస్తారు. సంబల్‌పూర్ దగ్గర మహానది ఒడ్డున హుమ గుడి ఉంది, ఆ రేవులో చేపల్ని ఎవరూ పట్టరు, భక్తులు తిండి వేస్తారు. వీలుంటే ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

వదిలే పద్ధతి తెలిస్తే వాడి బాధ కొంత తగ్గుతుంది. చేప ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, అదే దానికి రోగాల నుంచి కాపు. పొడిచేత్తో పట్టుకుంటే ఆ పొర మన అరచేతికి అంటుకొచ్చేస్తుంది. అంచేత ముందు చేతులు తడుపుకోవాలి, చేపని నీళ్లలోంచి పైకెత్తకుండానే ముల్లు అదిమిన కొక్కేన్ని వెనక్కి తిప్పి తీయాలి. గట్టిగా పిసకకూడదు, ఫోటో కోసం గట్టు మీద పడుకోబెట్టకూడదు. అలసిపోతే తలని ప్రవాహానికి ఎదురుగా ఉంచి, తనంతట తాను తోక ఆడించి పోయేదాకా కింద చెయ్యి పెట్టి ఉంచాలి. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కినప్పుడు చేప తొందరగా అలసిపోతుంది, ఆ నెలల్లో అసలు పట్టకుండా ఉంటే మేలు. వానలు పడ్డాక గుడ్లతో ఎదురెక్కే చేపల్నీ వదిలేయాలి. చెరువు పంచాయతీ లీజుకిచ్చిందైతే తీసుకున్నవాళ్లని ముందే అడగాలి, పిల్లవాడి చేతే అడిగించండి.

రాడ్డు కొన్నాళ్లు మూల పెట్టేయండి, దాని ఊసెత్తద్దు. తొలకరి పడ్డాక ఉసిళ్లు లేస్తాయి కదా, వాన పూర్తిగా వెలిసి ఉరుములు లేని సాయంత్రం చూసి వాణ్ణి చెరువు గట్టు మీదికి మీరే తీసుకెళ్లండి, గాలం లేకుండా. రెక్కలు తడిసి ఉసిళ్లు నీళ్ల మీద పడతాయి, చేపలు ఒకదాని తర్వాత ఒకటి పైకొచ్చి చప్పరిస్తాయి, నీళ్లంతా వలయాలే. ఏ వలయం పెద్దదో, ఏది చిన్నదో, ఏ చేప నోరు తెరుస్తోందో, ఏది తోక మాత్రమే చూపిస్తోందో వాణ్ణి అడిగి చెప్పించుకోండి. ఇంటికి వచ్చేటప్పుడు నాలుగు ఉసిళ్లు అగ్గిపెట్టెలో వేసుకోనివ్వండి. వాటి పక్కన ఈకలూ దారమూ వాడే తెచ్చి పెట్టుకుంటే, అప్పుడు ఈనెముక్క ఒకటి కోసి వాడి చేతికి ఇవ్వండి.